మీ ఇంట్లో సర్వర్ ఎందుకు బిగుసుకుపోతోందంటే

ఒరేయ్,

ముందు విషయం చెప్పేస్తా, తిట్లు తర్వాత. మీ రాజమండ్రి ఇంట్లో ఆ సర్వర్ పాడవలేదు, హార్డ్ డిస్కులు పోలేదు, అక్క పెళ్లి వీడియో క్షేమంగా ఉంది, పిన్నిగారికి కూడా అదే చెప్పి వచ్చా. టీవీకి పాటలు, వీడియోలు పంపే ఆ జెల్లీఫిన్ ప్రోగ్రామ్ తప్పు ఇందులో ఇసుమంత కూడా లేదు, నువ్వు డాలస్‌లో కూర్చుని దాన్ని పీకేసి మళ్లీ ఎక్కించి లైబ్రరీ అంతా మళ్లీ స్కాన్ చేయించావు చూడు, అదంతా దండగ పని. రోగం కరెంటుది. ఇంటికొచ్చే కరెంటు బానే ఉంది, సర్వర్‌గా పెట్టిన ఆ చిన్న కంప్యూటర్, రాస్ప్‌బెర్రీ పై దాకా సరిగ్గా చేరట్లేదు అంతే. దాని వెనకాల ఇంకో చిన్న రోగం కూడా దాక్కుని ఉంది, మొదటిది తగ్గాకే అది బయటపడింది.

నీకు బాబాయ్‌గారు ఫోన్లో "ఆగిపోతోంది రా" అంటే నువ్వు "సరే నాన్నా, రీస్టార్ట్ చేస్తా" అని స్మార్ట్ ప్లగ్ ఆపి వేసేవాడివి, అంతే కదా. ఎప్పుడు ఆగుతోంది, ఏది పెడితే ఆగుతోంది అని ఒక్కసారైనా అడిగావా? నేను వెళ్లి పెసరట్టు తింటూ అడిగితే పిన్నిగారు వరసగా చెప్పేశారు. పొద్దున భక్తి పాటలు రెండు గంటలు పెట్టినా ఏమీ కాదట, సినిమాలు ఎప్పుడో ఒకసారి తప్ప ఆడతాయట, అక్క పెళ్లి వీడియో పెడితే మాత్రం స్నాతకం దాటి ముందుకెళ్లదట, ఆ తర్వాత ఇంక పాటలు కూడా రావట. ఆ వీడియోకి దిష్టి తగిలిందని ఆవిడ అనుమానం. కేబుల్ కుర్రాడేమో "ఆయ్, ఎండలకి వేడెక్కిపోతందండి" అని తేల్చేశాడట. ఇద్దరివీ కొట్టిపారేసే మాటలు కావు, ఎందుకంటే పిన్నిగారు చెప్పిన దాంట్లోనే సగం జవాబు ఉంది: పాటలకి ఆగట్లేదు, పెళ్లి వీడియోకి ఆగుతోంది.

సరే అని ఆ వీడియోనే పెట్టించి లాప్‌టాప్ పట్టుకుని పక్కన కూర్చున్నా. స్నాతకంలో మీ పెదనాన్న కెమెరాకి అడ్డం వచ్చి నిలబడతాడు చూడు, అక్కడ బొమ్మ బిగుసుకుపోయింది. జెల్లీఫిన్ పేజీ తెరుచుకోదు. కానీ ఉన్నావా అని పింగ్ కొడితే టకటకా జవాబొస్తోంది, లాప్‌టాప్ నుంచి కమాండ్లు కొట్టడానికి ఎస్‌ఎస్‌హెచ్‌లో లోపలికి కూడా వెళ్లనిచ్చింది! మిషన్ మొత్తం పోతే పింగే రాదు కదరా, అంటే పై బతికే ఉంది, దేనికోసమో ఎదురుచూస్తూ నిలబడిపోయింది. ఏ ప్రోగ్రామ్ ఏం చేస్తోందో చూపించే టాప్ కమాండ్ కొట్టి చూస్తే ప్రాసెసర్ దాదాపు ఖాళీ, ఆగి ఉన్న పనుల లెక్క చెప్పే లోడ్ యావరేజ్ మాత్రం పెరుగుతూ పోతోంది, జెల్లీఫిన్, అది వీడియో మార్చడానికి వాడే ఎఫ్ఎఫ్ఎంపెగ్ రెండూ డీ స్టేట్‌లో ఉన్నాయి. డీ అంటే డిస్క్ నుంచి జవాబు వచ్చేదాకా కదలని స్థితి, బలవంతంగా ఆపే కిల్ మైనస్ 9 కొట్టినా చావదు. డిస్కున్న ఫోల్డర్‌లో ఫైళ్ల పేర్లు చూద్దామని ఎల్‌ఎస్ కొట్టానో లేదో ఆ టెర్మినల్ కూడా వాటితో పాటు అలాగే నిలబడిపోయింది. ఆపరేటింగ్ సిస్టమ్ ఎస్‌డీ కార్డు మీద ఉంది కాబట్టి మిగతాదంతా నడుస్తోంది, యూఎస్‌బీకి తగిలించిన డిస్క్ ఒక్కటే మాయమైంది. దూరం నుంచి ఇంటి నెట్‌వర్క్‌లోకి వచ్చే టెయిల్‌స్కేల్ ఉంది కదా, ఈ మాత్రం నువ్వు దాంట్లోంచి అక్కణ్ణుంచే చూడొచ్చు, పేజీ రావట్లేదు అనగానే ప్లగ్ మీద పడకపోతే.

అసలు సాక్ష్యం నీ ప్లగ్ పుణ్యమా అని రోజూ చెరిగిపోతోంది. సిస్టమ్ తన సంగతులన్నీ రాసుకునే జర్నల్ లాగ్స్ రామ్‌లోనే ఉండేలా పెట్టి ఉన్నాయి, ఎస్‌డీ కార్డు అరిగిపోతుందని నువ్వే పెట్టుంటావు, కరెంటు తీసిన ప్రతిసారీ ఏం జరిగిందో ఆ కథంతా గోదాట్లో కలిసిపోతోంది. నేను జర్నల్‌డీ సెట్టింగ్స్‌లో స్టోరేజ్‌ని పర్సిస్టెంట్ చేసి, అంటే కార్డు మీదే నిలిచేలా, పెట్టా. ఇకనుంచి రీస్టార్ట్ అయ్యాక కూడా జర్నల్‌సీటీఎల్ మైనస్ బీ మైనస్ 1 అని కొడితే అంతకు ముందు బూట్‌లో ఆఖరి నిమిషాల్లో ఏమైందో వస్తుంది.

తర్వాత టీవీ వెనక చెయ్యి పెట్టి ఆ డబ్బా బయటికి లాగా. పై 4 మీద ఎర్ర లైటు ఉంటుంది కదా, అది ఊరికే అలంకారానికి పెట్టింది కాదురా, లోపలికొచ్చే వోల్టేజ్ 4.63 కంటే కిందికి పడితే ఆరిపోతుంది. మళ్లీ వీడియో పెట్టి చూస్తూ ఉన్నా. పేర్లు పడేటప్పుడు నిలకడగా వెలిగింది, బొమ్మ మొదలవగానే మినుకు మినుకు మంది, డిస్క్ గిర్రున తిరిగే చప్పుడు వచ్చినప్పుడల్లా ఆరి వెలుగుతోంది. బాబాయ్‌గారు "అది పని చేస్తున్నట్టు గుర్తనుకున్నా రా" అన్నారు, పాపం. పై తన పరిస్థితి చెప్పే వీసీజెన్‌కమాండ్‌లో గెట్ థ్రాటిల్డ్ కొడితే సున్నా ఎక్స్ 50005 అని వచ్చింది. చివరి 5 అంటే ఇప్పుడు ఈ క్షణంలో వోల్టేజ్ తక్కువుంది, దానివల్ల స్పీడు తగ్గించుకున్నా అని, ముందున్న 5 అంటే బూట్ అయిన దగ్గర్నుంచి ఎప్పుడో ఒకప్పుడు ఇలా జరిగింది అని. ఆ ముందు అంకె మళ్లీ బూట్ అయ్యేదాకా అలాగే ఉండిపోతుంది కాబట్టి ప్లగ్ ఆపే ముందు నువ్వు అక్కణ్ణుంచి ఎప్పుడు కొట్టి చూసినా దొరికేది.

ఎందుకు పడుతోందంటే నువ్వు దానికి పెట్టింది నీ పాత ఫోన్ ఫాస్ట్ చార్జరు. దాని మీద పెద్ద పెద్ద వాట్లు రాసి ఉంటే సరిపోతుందనుకున్నావు. ఆ వాట్లన్నీ ఫోను మాట్లాడుకుని 9 వోల్ట్‌లు అడిగినప్పుడు వచ్చేవి, పై 4 అలా అడగదు, దానికి కావాల్సింది 5 వోల్ట్‌లే, ఆ 5 దగ్గర నీ చార్జరు ఇచ్చేది 2 ఆంప్సే, చార్జరు మీదే చిన్నక్షరాల్లో రాసుంది చూసుకో. పై 4 తయారుచేసినవాళ్లు చెప్పిన లెక్క 3 ఆంప్స్. దానికి తోడు ఆ మూడు మీటర్ల సన్న కేబులు. ట్యాంకు నిండా నీళ్లున్నా సన్న పైపు వేస్తే షవర్లో చుక్కలే పడతాయి కదా, అలా అన్నమాట. రానూపోనూ ఆ తీగ రెసిస్టెన్స్ 0.2 ఓమ్ అనుకో, 2.5 ఆంప్స్ లాగితే అర వోల్ట్ తీగలోనే పోతుంది, 5 కాస్తా 4.5 అయి చేరుతుంది. హద్దేమో 4.63. ఇంక లైటు ఆరక ఏం చేస్తుంది.

దీని మీద నువ్వు రెండు పోర్టబుల్ డిస్కులు తగిలించావు, రెండూ పై మీదే కరెంటు లాక్కునేవి. పై 4 నాలుగు యూఎస్‌బీ పోర్టులకీ కలిపి ఇవ్వగలిగేది 1.2 ఆంప్స్, యూఎస్‌బీ 3 లెక్కన ఒక్కో డిస్కే 900 మిల్లీఆంప్స్ దాకా అడగొచ్చు. రెండూ ఒకేసారి తిరగడం మొదలెడితే లెక్క నువ్వే వేసుకో.

ఇప్పుడు పెళ్లి వీడియో దగ్గరికి వద్దాం, నాకు బాగా నచ్చిన ముక్క ఇదే. అది వీహెచ్‌ఎస్ క్యాసెట్ నుంచి స్టూడియో వాళ్లు డీవీడీకి ఎక్కించింది, అంటే ఎంపెగ్ 2, పాల్ పద్ధతి, 720 బై 576, సెకనుకి 25 ఫ్రేములు, అవి కూడా ఇంటర్‌లేస్డ్, అంటే ఒక్కో ఫ్రేము గీత విడిచి గీతగా రెండు సగాలు. మీ టీవీలో యాప్‌కి అది నేరుగా ఆడించడం చేతకావట్లేదు, డ్యాష్‌బోర్డ్‌లో చూస్తే ట్రాన్స్‌కోడింగ్, అంటే ఆడుతూనే వేరే ఫార్మాట్‌లోకి మార్చడం, అనే వస్తోంది. పై 4లో ఎంపెగ్ 2కి హార్డ్‌వేర్ డీకోడర్ లేదు కాబట్టి మొత్తం ప్రాసెసరే విప్పి, గీతలు సరిచేసి, హెచ్ 264లోకి మళ్లీ చుట్టి పంపాలి, నాలుగు కోర్లూ పరిగెడతాయి. కోర్లు పరిగెడితే కరెంటు ఎక్కువ లాగుతుంది, తీగలో వోల్టేజ్ పడుతుంది, డిస్క్ తల తిరిగి పడిపోతుంది, ఫైలు రాక జెల్లీఫిన్ నిలబడిపోతుంది, నువ్వు అక్కడ ప్లగ్ ఆపుతావు. పాటలు ఎంపీ3లు, అవి డైరెక్ట్ ప్లే, ఉన్న ఫైలు ఉన్నట్టు పంపడమే, ప్రాసెసర్‌కి పనే లేదు. అందుకే సుఖంగా ఆడుతున్నాయి. దిష్టి అంటే ఇదే మరి, పిన్నిగారు అంత తప్పేం చెప్పలేదు.

కేబుల్ కుర్రాడి వేడి సంగతి కూడా చూశా. ఆ షోకేస్ లోపల 71 డిగ్రీలు చూపించింది, పై స్పీడు తగ్గించుకోవడం మొదలెట్టేది 80 దగ్గర. ఇప్పటికి పర్లేదు కానీ మేలో మీ ఊరి ఎండకి చెప్పలేం, అందుకని అద్దం తలుపు వెనకనుంచి తీసి పక్కన గోడకి పెట్టించా.

కొత్త సామాన్లు కొనకముందే డిస్కుల ఆరోగ్యం చూసి, వీడియోలన్నీ నా దగ్గరున్న వేరే డిస్కులోకి కాపీ తీసుకున్నా. ఇలాంటివాటిలో ముందు కాపీ, తర్వాతే ప్రయోగాలు. డిస్క్ ఆరోగ్యం చూపించే స్మార్ట్‌సీటీఎల్‌లో 5, 197, 198 నంబర్లు రెండు డిస్కుల్లోనూ సున్నాలే, అంటే చెడిపోయిన సెక్టార్లు లేవు. ఫైల్ సిస్టమ్‌లో తప్పులు సరిచేసే ఎఫ్ఎస్‌సీకే చేస్తే మాత్రం సినిమాల డిస్కులో చాలానే సరిచేసింది, అదంతా నీ ప్లగ్ దయ. రాసుకుంటున్నప్పుడు కరెంటు తీసేస్తే ఏ ఫైల్ సిస్టమ్ అయినా ఎన్నాళ్లని సర్దుకుంటుంది చెప్పు?

రాస్ప్‌బెర్రీ పై వాళ్లదే 5.1 వోల్ట్‌లు 3 ఆంప్స్ అడాప్టర్ తెప్పించా, దాని తీగ దానికే అతికి ఉంటుంది, మందంగా ఉంటుంది. డిస్కులు రెండిటికీ సొంత అడాప్టరున్న యూఎస్‌బీ హబ్ పెట్టా. ఎర్ర లైటు ఆరడం ఆగింది, గెట్ థ్రాటిల్డ్ సున్నా చూపించింది, పెళ్లి వీడియో తలంబ్రాల దాకా వచ్చేసింది, పిన్నిగారు ఆనందం పట్టలేక పక్కింటావిడని కూడా పిలిచారు.

తర్వాతి వారం బాబాయ్‌గారు మళ్లీ ఫోన్ చేశారు, సినిమా మధ్యలో ఆగిందట. ఈసారి లాగ్ మిగిలి ఉంది. వోల్టేజ్ గురించి ఒక్క మాట లేదు, కానీ యూఏఎస్ (యూఎస్‌బీ డిస్కులతో మాట్లాడే కొత్త, వేగమైన పద్ధతి) అబార్ట్ అనీ, సూపర్‌స్పీడ్ డివైస్ రీసెట్ అనీ వరసగా పడి ఉన్నాయి, చివర్లో ఫలానా టాస్క్ 120 సెకన్లకి పైగా బ్లాక్ అయిందని ఉంది. ఈ గోల పెళ్లి వీడియోలున్న డిస్కుది కాదు, సినిమాల డిస్కుదే, నువ్వు పాత లాప్‌టాప్ డిస్కుని వేరే డబ్బాలో బిగించావు చూడు, అది. ఆ డబ్బాలో సాటా నుంచి యూఎస్‌బీకి మార్చే చిప్పుకి యూఏఎస్ పద్ధతి సరిగ్గా పడట్లేదు. ఇలాంటి చిప్పులు బోలెడు, పైలో నడిచే లైనక్స్‌లో వీటికోసమే క్వర్క్స్ అని ఒక ఏర్పాటుంది. తగిలించిన యూఎస్‌బీ పరికరాల జాబితా ఇచ్చే ఎల్‌ఎస్‌యూఎస్‌బీలో దాని ఐడీ చూసి, బూట్ అయ్యేటప్పుడు చదివే సీఎండీలైన్ ఫైల్‌లో యూఎస్‌బీ స్టోరేజ్ క్వర్క్స్ కింద ఆ ఐడీ పక్కన యూ అక్షరం చేర్చా, దాంతో పాత పద్ధతిలోనే మాట్లాడుతుంది. నువ్వెప్పుడైనా ఆ ఫైలు ముట్టుకుంటే గుర్తుపెట్టుకో, మొత్తం ఒకే లైన్‌లో ఉండాలి, ఎంటర్ కొట్టావంటే తర్వాతి లైన్లో ఉన్నదేదీ అది చదవదు. స్పీడు కొంచెం తగ్గుతుంది, తగ్గనీ. బ్లూరే సినిమా అయినా సెకనుకి 40 మెగాబిట్లు, అంటే 5 మెగాబైట్లు, ఆ డిస్క్ ఎంత నీరసంగా ఉన్నా అంతకి పదింతలు ఇస్తుంది. అప్పట్నుంచి ఇప్పటిదాకా ఆగలేదు.

సిస్టమ్ పలకడం ఆపేస్తే తనే రీస్టార్ట్ చేసే వాచ్‌డాగ్ పెట్టమన్నావు కదా, పెట్టలేదు. ఇలాంటి దాంట్లో ప్రోగ్రాములన్నీ నడిపించే సిస్టమ్‌డీ బతికే ఉంటుంది, బతికే ఉన్నా అంటూ వాచ్‌డాగ్‌కి టైముకి అన్నం పెడుతూనే ఉంటుంది, డిస్క్ పోయిందని దానికి తెలియను కూడా తెలియదు. పైగా తనంతట తనే రీస్టార్ట్ అయిపోతుంటే అసలు రోగం ఎప్పటికీ దొరకదు, నీ ప్లగ్గుకీ దానికీ తేడా ఏముంది? ప్లగ్ తీసి పిన్నిగారి దోమల మిషన్‌కి పెట్టా. సర్వర్, హబ్, రూటర్ మూడూ ఇన్వర్టర్ లైన్ మీదకి మార్చి, ఇన్వర్టర్ వెనక మీటని యూపీఎస్ వైపు తిప్పించా, లేకపోతే కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే లోపలే పై రీస్టార్ట్ అయిపోతుంది.

పెళ్లి వీడియోని నా లాప్‌టాప్‌లో ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తో డీఇంటర్‌లేస్ చేసి హెచ్ 264లోకి మార్చేశా, ఇప్పుడు డైరెక్ట్ ప్లే అవుతోంది, ఆ రాస్ప్‌బెర్రీ పైకి చెమట కూడా పట్టట్లేదు. అసలు డీవీడీలోని వీఓబీ ఫైళ్లు పారేయలేదు, వేరే ఫోల్డర్‌లో భద్రంగా ఉన్నాయి. నీ ఒడుగు వీడియో, తాతగారి షష్టిపూర్తి కూడా అదే రకం, అవి కూడా మార్చాలి. ఆ ఫోల్డర్ ఓనర్ నీ యూజర్ పేరు మీద ఉంది, నాకు రాసే పర్మిషన్ లేదు. పాస్‌వర్డ్ వాట్సాప్‌లో పెట్టకు, ఆదివారం ఫోన్ చేసి చెప్పు. అడాప్టరుకీ హబ్‌కీ బాబాయ్‌గారు డబ్బులివ్వబోతే నేను తీసుకోలేదు, అవి నీ దగ్గర వసూలు చేస్తా.

ఉంటా మరి.