ఆరు వైన్ బాటిల్స్ కి లేని అడ్డు రెండో కిలో చికెన్ కి ఎందుకు? స్విస్ ఆర్థిక మంత్రి గారికి బహిరంగ లేఖ

కారిన్ కెల్లర్-సుట్టర్ మేడమ్ గారికి నమస్కారం.

నేను బాసెల్ లో ఉంటున్న తెలుగువాడిని. విదేశీయులకి ఇచ్చే బి పర్మిట్ మీద ఉన్నాను కాబట్టి నెల జీతం చేతికి రాకముందే ట్యాక్స్ కట్ అయిపోతుంది, ఓటు మాత్రం లేదు, అందుకే ఈ లెటర్. తెలుగులో ఎందుకు రాస్తున్నానంటే, మీకంటే ముందు మావాళ్ళు చదివి అవును కదా అనుకోవాలి, తర్వాత జర్మన్ బాగా వచ్చిన వాళ్ళెవరైనా మార్చి మీ ఆఫీసుకి పంపిస్తారని ఆశ. నేనే జర్మన్ లో రాస్తే డెర్, డీ, దాస్ లాంటి గ్రామర్ తప్పులు చూసి మొదటి పేరా దగ్గరే పక్కన పెట్టేస్తారు.

విషయం బోర్డర్ షాపింగ్. ఇండియాలో ఉన్న మనవాళ్ళ కోసం కొంచెం చెప్తా. బాసెల్ అంటే మూడు దేశాలు కలిసే చోటు. 8వ నంబర్ ట్రామ్ ఎక్కితే అది తిన్నగా బోర్డర్ దాటి జర్మనీలో వైల్ అమ్ రైన్ ఊరికి పోతుంది, 2014 డిసెంబర్ నుంచి నడుస్తోంది. 3వ నంబర్ ఎక్కితే ఫ్రాన్స్ లో సెయింట్ లూయీ. పాస్‌పోర్ట్ మామూలుగా ఎవడూ అడగడు, 2008 నుంచి స్విట్జర్లాండ్ షెంగెన్ లో, అంటే బోర్డర్ దగ్గర మామూలుగా పాస్‌పోర్ట్ చూడని యూరప్ దేశాల గుంపులో ఉంది కదా. కానీ కస్టమ్స్ మాత్రం ఉంది, ఎందుకంటే ఈ దేశం యూరోపియన్ యూనియన్ (ఈయూ) కస్టమ్స్ యూనియన్ లో లేదు. అంటే మనిషికి బోర్డర్ లేదు, మనిషి చేతిలో సంచికి ఉంది. శనివారం పూట ఆ 8 నంబర్ ట్రామ్ లో చూడాలి, వెళ్ళేటప్పుడు ఖాళీ ట్రాలీ బ్యాగులు, వచ్చేటప్పుడు నిలబడటానికి చోటు ఉండదు, అందులో మనవాళ్ళకంటే స్విస్ వాళ్ళే ఎక్కువమంది.

ఎందుకు పోతారు అంటే ధర, ఇంకేం లేదు. ఇక్కడ మాంసం రేటు ఈయూ సగటుకి రెట్టింపు పైనే. చికెన్ అయితే అవతల సగం ధర కూడా ఉండదు, షాంపూ, డైపర్లు, పెరుగు, చీజ్ అన్నీ అంతే. వైన్ సంగతి ఇంకా తమాషా, బోర్డర్ దాటగానే ఉండే మార్క్‌గ్రాఫ్లర్‌లాండ్ కొండల్లో గూటెడెల్ అని తెల్ల వైన్ చేస్తారు, అదే ద్రాక్ష ఇక్కడ లెమాన్ (జెనీవా) సరస్సు పక్కన లావో తోటల్లో షాస్లా, వాలే ప్రాంతంలో ఫెండాన్ అంటారు. ద్రాక్ష ఒకటే, ఆ పక్క చౌక. స్విస్ వైన్ బాగోదని కాదు, చాలా బాగుంటుంది, నూటికి ఒకటో రెండో వంతు తప్ప దేశం దాటి బయటికే పోదు, అంతా ఇక్కడే తాగేస్తారు. కానీ వారం మధ్యలో మామూలుగా ఒక గ్లాసు పోసుకోవడానికి అంత పెట్టి కొనబుద్ధి కాదు.

ఇప్పుడు మీ రూల్స్ కి వస్తా. 2025 జనవరి 1 నుంచి పన్ను లేకుండా సరుకు తెచ్చుకోవడానికి మనిషికి రోజుకి ఉన్న 300 ఫ్రాంకుల లిమిట్ ని 150 చేశారు. అది దాటితే స్విస్ వ్యాట్ కట్టాలి. దాటిన దాని మీద కాదు, మొత్తం మీద! 149 ఫ్రాంకుల సరుకు తెస్తే సున్నా, 160 ఫ్రాంకుల సరుకు తెస్తే మొత్తం 160 మీద తిండి సామాన్లకి 2.6 శాతం, అంటే 4 ఫ్రాంకుల 16 సెంటైమ్లు. అసలు దాటింది పది ఫ్రాంకులు, దాని మీద అయితే 26 సెంటైమ్లు అవుతుంది. డబ్బు చిన్నదే, నేను కాదనను, 4 ఫ్రాంకులకి ఇక్కడ ఒక కాఫీ కూడా రాదు. దానికోసం మనిషి క్విక్‌జోల్ అనే కస్టమ్స్ యాప్ తెరిచి, బిల్లు లెక్క వేసి, యూరోని ఫ్రాంక్ లోకి మార్చి, జర్మన్ వ్యాట్ బిల్లులో విడిగా రాసి ఉంటే అది తీసేసి, పిల్లాడు ఏడుస్తుంటే కార్డ్ నంబర్ కొట్టాలి. 150 పెట్టిన తర్వాత మా వాళ్ళలో ఎవరూ షాపింగ్ మానలేదు, భార్యాభర్తలు బిల్లులు విడివిడిగా చేయించుకోవడం మాత్రం నేర్చుకున్నారు.

అయితే నా అసలు గొడవ 150 కాదు. దాని గురించి పేపర్లలో చాలామంది రాశారు. నా గొడవ పక్కన ఉన్న ఇంకో లిస్టు గురించి, అది కిలోలు, లీటర్లలో ఉంటుంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు.

వైన్ అయితే 17 ఏళ్ళు నిండిన ప్రతి మనిషికి రోజుకి 5 లీటర్లు డ్యూటీ ఫ్రీ. అంటే ఆరు బాటిల్స్ కార్టన్ హాయిగా వచ్చేస్తుంది, ఇంకా అర లీటరు మిగులుతుంది. 2014 జూలైకి ముందు ఇది 2 లీటర్లే ఉండేది, మీ వాళ్ళే పెంచారు. 5 దాటితే లీటరుకి 2 ఫ్రాంకులు, అయిపోయింది. పైగా ఈ దేశంలో మామూలు వైన్ మీద మద్యం పన్నే లేదు, బీరుకి, ఘాటు సరుకుకి ఉంది గానీ వైన్ కి లేదు.

మాంసం అయితే మనిషికి 1 కిలో. దాటితే కిలోకి 17 ఫ్రాంకులు. వెన్న, క్రీమ్ కూడా 1 కిలోనే, దాటితే 16 ఫ్రాంకులు. మా ఇళ్ళల్లో వెన్న కాచి నెయ్యి చేసుకుంటాం కాబట్టి అదీ మాకే తగులుతుంది, సరే అది వదిలేయండి.

ఒక్క లెక్క చూడండి. ఉగాదికో దసరాకో నలభై మంది కలుస్తారు, బిర్యానీ అంటే పది కిలోల చికెన్ కావాలి. భార్యాభర్తలు వెళ్ళి తెస్తే 2 కిలోలు ఫ్రీ, మిగతా 8 కిలోలకి 136 ఫ్రాంకుల డ్యూటీ. కోడి ఖరీదు కంటే డ్యూటీ ఎక్కువ! అదే జంట లిమిట్ దాటి 8 లీటర్ల వైన్ తెస్తే 16 ఫ్రాంకులు. అంటే పార్టీలో తాగేవాడికి మీ దేశం రెడ్ కార్పెట్ వేసింది, తినేవాడిని గేటు దగ్గర ఆపింది. నేను వైన్ కి వ్యతిరేకం కాదు మేడమ్, పైన చెప్పాను కదా గూటెడెల్ కి నేను ఫ్యాన్. కానీ చౌక వైన్ ని ఇంత తేలిగ్గా వదిలే ప్రభుత్వం చౌక తిండి దగ్గర ఎందుకంత గట్టిగా ఉంటుందో నాకు అర్థం కాదు. ఇంకో విచిత్రం, మాంసం లిమిట్ కి వయసు లేదు, స్ట్రోలర్ లో నిద్రపోతున్న ఆరు నెలల పాపకి కూడా 1 కిలో లెక్క. కాబట్టి మావాళ్ళలో ఇద్దరు పిల్లలున్న ఇంటికి పార్టీ ముందు డిమాండ్ పెరుగుతుంది, కాస్త మీవాళ్ళని కూడా తీసుకురండి అన్నయ్యా, వదిన గారు కూడా వస్తే బాగుంటుంది అని ఫోన్లు వస్తాయి. నవ్వుకోండి, కానీ నిజం.

మీరు రైతుల పేరు చెప్తారు. ఒప్పుకుంటా. ఇక్కడ కోళ్ళని పెంచే రూల్స్ గట్టివి, గుడ్లు పెట్టే కోళ్ళని చిన్న చిన్న ఇనప గూళ్ళలో పెట్టడం 1992 కల్లా ఆపేసిన దేశం ఇది, దానికి ఖర్చవుతుంది, ఆ ఖర్చు ఎవరో ఒకరు పెట్టుకోవాలి. కానీ ద్రాక్ష రైతు కూడా రైతే కదా? లావో లో ఏటవాలు గట్ల మీద చేత్తో పనిచేసే ఆయనకి రోజుకి 5 లీటర్ల పోటీ పర్లేదు, కోళ్ళ షెడ్డు ఆయనకి రెండో కిలో కూడా తట్టుకోలేడా? ఇద్దరినీ కాపాడండి, లేకపోతే ఇద్దరినీ ఒకేలా వదలండి.

ఆరోగ్యం, రోగాలు అనే మాట కూడా కుదరదు. ఇండియా నుంచి మాంసం, నెయ్యి, పాలకోవా తేవద్దంటే నేను నోరెత్తను, సర్టిఫికెట్ లేకుండా కరివేపాకు కూడా తేవద్దంటారు, అమ్మ కట్టిచ్చిన పొట్లం ఎయిర్‌పోర్ట్ లో చెత్తబుట్టలో పడేటప్పుడు కడుపు తరుక్కుపోతుంది గానీ మొక్కల తెగుళ్ళు, పశువుల రోగాలు అంటే కారణం ఉంది. జర్మనీ కోడికి ఆ కారణం లేదు, 2009 నుంచి స్విట్జర్లాండ్, ఈయూ మధ్య పశువైద్య చెకింగులే లేవు. ఆ కోడి తప్పు ఒక్కటే, చౌకగా ఉండటం.

మీకు ఈ ధరల సంగతి నేను చెప్పక్కర్లేదు నిజానికి. విల్ ఊళ్ళో మీ అమ్మానాన్నలు రెస్టారెంట్ నడిపారు, మీరు మంత్రి కాకముందు రిటైల్ ఫెడరేషన్ కి అధ్యక్షురాలిగా చేశారు, షాపుల బాధ మీకు బాగా తెలుసు. బోర్డర్ పక్కన క్రాయిట్స్‌లింగెన్ లాంటి ఊళ్ళలో కొట్టు పెట్టుకున్న వాడి ఎదురుగానే జనం నడుచుకుంటూ జర్మనీలోని కాన్‌స్టాన్స్ కి పోయి కొనుక్కొస్తే వాడికి మండుతుంది, మండాలి కూడా. వాళ్ళు ఒక మాట అంటారు, జర్మనీలో పచ్చ స్లిప్ మీద స్టాంప్ వేయించుకుని అక్కడి వ్యాట్ వెనక్కి తీసుకుంటారు, ఇక్కడ లిమిట్ లోపల ఉంది కాబట్టి ఇక్కడా కట్టరు, రెండు వైపులా ఎగ్గొట్టినట్టే కదా అని. ఇది న్యాయమైన మాట. మావాళ్ళు నన్ను తిట్టినా సరే చెప్తా, పచ్చ స్లిప్ తీసుకున్నవాడి దగ్గర మొదటి ఫ్రాంక్ నుంచే స్విస్ వ్యాట్ వసూలు చేయండి. తీసుకోనివాడు తిండికి 7 శాతం, మిగతావాటికి 19 శాతం ఆల్రెడీ జర్మనీకి కట్టేశాడు, మీ రేటు కంటే అది ఎక్కువ, వాడికి పాత 300 ఉంచండి. ఇప్పుడు చేసిందేమో అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు ఉంది, స్లిప్ వాడినవాడు, వాడనివాడు ఇద్దరికీ ఒకే దెబ్బ.

ఆపితే ఆగిపోతారా అంటే అదీ చూశాం. 2020 మార్చి నుంచి జూన్ దాకా కోవిడ్ లో బోర్డర్ మూసేశారు, కాన్‌స్టాన్స్, క్రాయిట్స్‌లింగెన్ మధ్య ఫెన్సింగ్ వేశారు, షాపింగ్ కోసం దాటితే 100 ఫ్రాంకుల ఫైన్ పెట్టారు. ఆ నెలల్లో జనం ఇక్కడే కొన్నారు, ఇక్కడి ధరలు తగ్గాయా? లేదు. జూన్ 15న తెరిచారు, జనం మళ్ళీ అటే.

మీ ప్రభుత్వమే 2024 జనవరి 1న ఫ్యాక్టరీ వస్తువుల మీద దిగుమతి సుంకాలు మొత్తం ఎత్తేసింది, కార్లు, సైకిళ్ళు, బట్టలు, చెప్పులు అన్నిటికీ సున్నా. కొనేవాళ్ళకి మంచిదనే కదా ఎత్తేశారు, మరి కారు కొనేవాడికి మంచిదైంది కోడి కొనేవాడికి చెడ్డదెలా అయింది? వ్యవసాయం వేరే శాఖ అంటారేమో, కానీ కిలో లెక్క చూసేది, 17 ఫ్రాంకులు వసూలు చేసేది మీ కింద ఉన్న కస్టమ్స్ వాళ్ళే.

నేను అడిగేది పెద్దదేం కాదు. మాంసం లిమిట్ ని మనిషికి 3 కిలోలు చేయండి. వైన్ కి 2014 లో 2 లీటర్లని 5 చేసినప్పుడు ఆకాశం ఏమీ ఊడిపడలేదు. కిలోల దగ్గర దాటిన దాని మీదే డ్యూటీ వేస్తున్నారు, ఫ్రాంకుల దగ్గర కూడా అలాగే దాటిన దాని మీదే వ్యాట్ వేయండి, ఒకే బోర్డర్ లో రెండు రకాల లెక్కలు ఎందుకు. పచ్చ స్లిప్ సంగతి పైన చెప్పాను. మీకు ఆదాయం తగ్గుతుందనిపిస్తే వైన్ మీద ఆ 2 ఫ్రాంకులని 4 చేసుకోండి, నాలాంటి వాళ్ళం గొణుక్కుంటూ కట్టేస్తాం.

ఇట్లు,
బాసెల్ నుంచి ఒక తెలుగు ట్యాక్స్ పేయర్