కార్డు ఇచ్చినప్పుడు లెక్క కూడా చూపించాలి కదా

ఎడిటర్ గారికి నమస్కారం,

మార్కెట్ లాగా వరసగా కౌంటర్లు పెట్టి కళ్ల ముందే వండిచ్చే రెస్టారెంట్ చెయిన్ల మీద మీ ఆదివారం పేజీలో వచ్చిన వ్యాసం చదివానండి, బాగుంది, కానీ మొత్తం ఫ్రెష్ ఫ్రెష్ అనే రాశారు, బిల్లు గురించి ఒక్క ముక్క లేదు. నాకైతే అసలు కథంతా అక్కడే ఉందనిపిస్తుంది.

ఇదేం కొత్త పద్ధతి కాదు. 1948లో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో ఊలీ ప్రాగర్ మొదలుపెట్టిన మోవెన్‌పిక్ అనే రెస్టారెంట్ సంస్థ వాళ్లే తర్వాత్తర్వాత మార్షే అని ఈ తరహా రెస్టారెంట్లు తెచ్చారు. సలాడ్ ఒక చోట, గ్రిల్ ఒక చోట, స్వీట్లు ఇంకో చోట, లోపలికి వెళ్తూనే చేతిలో ఒక కార్డు పెడతారు, తీసుకున్నదల్లా దాని మీద ఎక్కుతుంది, డబ్బులు మాత్రం బయటికి వెళ్లేటప్పుడు. 2002లో జర్మనీలోని హాంబర్గ్‌లో పుట్టిన వాపియానో అనే చెయిన్ కూడా ఇలాగే, కాకపోతే చిప్ కార్డుతో నడిచింది, అక్కడ పాస్తా మన ఎదురుగానే వండేవారు.

మంచి లేదని కాదు. వండే మనిషి ఎదురుగానే ఉంటాడు కాబట్టి ఉప్పు తగ్గించు, అది వెయ్యకు అని చెప్పుకోవచ్చు, ఏదైనా పడని వాళ్లకి ఇది చాలా పెద్ద విషయం. (మనకి కనిపించేది ఆఖరి నాలుగు నిమిషాల వంటేననుకోండి, తరగడాలూ సాసులూ చాలావరకు ముందే అయిపోయుంటాయి.)

ఇక కార్డు. కాగితం కార్డైతే కనీసం ఎన్ని ముద్రలు పడ్డాయో చూసుకోవచ్చు, చిప్ కార్డు ఎటు తిప్పినా ఏమీ కనపడదు. ఒక్కో కౌంటర్ దగ్గర రేటు చూస్తే ఓ ఇంతేగా అనిపిస్తుంది, ఒకటి ప్లేటు లెక్క, ఒకటి బరువు లెక్క, పైగా ఇంట్లో తలా ఒక కార్డు, పిల్లలు ఎక్కడ ఏం తీసుకున్నారో ఎవరికీ తెలీదు, చివరికి క్యాష్ కౌంటర్ దగ్గర అంకె చూసి గుండె జారుతుంది, వెనకాల క్యూ ఉంటుంది కాబట్టి బిల్లు చదివే ధైర్యం కూడా ఉండదు, కట్టేసి వచ్చేస్తాం. ఇంకోటి, కార్డు పోతే ఇంత కట్టాలి అని కొన్ని చోట్ల రూలు, అది చిన్న అక్షరాల్లో ఎక్కడో ఉంటుంది.

నేనడిగేది పెద్ద కోరికేం కాదండి. కార్డు గీకిన మిషన్‌కి టోటల్ ఎలాగూ తెలుసు, ఆ అంకె మనవైపు కూడా చూపిస్తే ఏం పోయింది? కొంటారో మానేస్తారో మనిషి అక్కడే తేల్చుకుంటాడు. అమ్మకాలు పడిపోతాయని వాళ్ల భయం, అంటే అంకె కనిపించకపోవడం మీదే కొంత వ్యాపారం నడుస్తోందని వాళ్లే ఒప్పుకున్నట్టు కదా.

వాపియానో 2020లో దివాలా పిటిషన్ వేసింది, అది కార్డు వల్లని నేననను, కరోనా ఉంది, అప్పులున్నాయి. కానీ ఒకరి ప్లేటు వచ్చేసి చల్లారిపోతుంటే ఇంకొకరు ఇంకా పాస్తా లైన్లోనే నిలబడే పద్ధతి జనాన్ని బాగానే విసిగించింది.

ఈసారి ఇలాంటి చెయిన్ల మీద రాసేటప్పుడు మీ రిపోర్టర్‌ని ప్లేటు ఫొటోతో పాటు ఈ టోటల్ సంగతి కూడా మేనేజర్లని అడగమనండి.

ఇట్లు,
మీ పాఠకుడు