భోగిపళ్ళ పేరంటానికి ఆవిడనీ పిలవండి

సంపాదకులకు నమస్కారం.

సంక్రాంతి దగ్గర పడుతోందని మీ ఆదివారం పేజీలో ఇంట్లో బొమ్మల కొలువు, భోగిపళ్ళ పేరంటం ఎలా ఏర్పాటు చేసుకోవాలో రాశారు. మెట్లు మూడో, అయిదో, ఏడో బేసి సంఖ్యలో పెట్టాలనీ, రేగుపళ్ళలో చెరకు ముక్కలు, బంతిరేకులు, చిల్లర, నానిన శనగలు కలపాలనీ అన్నీ చెప్పారు. పిలుపుల దగ్గరికొచ్చేసరికి మాత్రం ‘ముత్తయిదువులను పిలిచి’ అని సరిపెట్టేశారు. ఆ మాటతో భర్త పోయిన ఆడవాళ్ళు పేరంటానికి దూరమైపోతారు. ఆ ఒక్క ముక్క గురించే ఈ ఉత్తరం.

మాది రాజమండ్రి. మా ఇంట్లో కొలువు మా అత్తగారి నాటి నుంచీ ఉంది. కొండపల్లి దశావతారాలు, అంబారీ ఏనుగు, ఏటికొప్పాక లక్కపిడతలు అన్నీ ఆవిడ కూడబెట్టినవే. ట్రంకుపెట్టెల మీద బల్లలు పరిచి తెల్లపంచె కప్పితే మెట్లయిపోతాయి. వారం ముందు పళ్ళెంలో మట్టి పోసి ఆవాలు చల్లితే భోగినాటికి కొలువు ముందు పచ్చటి చేను తయారు. ఇదంతా పిల్లలు చూసుకుంటారు.

అరిసెలు మాత్రం మా తోడికోడలు లేకపోతే కావు. ఆవిడని నేను అక్కయ్య అంటాను. కొత్తబియ్యం నానబోసి, వాడ్చి, కొట్టిన పిండిని తడి ఆరకుండా పాకంలో కలపాలి. పాకం నీళ్ళలో వేస్తే ఉండకట్టాలి. కాస్త ముదిరిందా, అరిసె గట్టిపడిపోతుంది. లేతగా ఉందా, నూనెలో విడిపోతుంది. పొయ్యి మీంచి గిన్నె ఎప్పుడు దింపాలో అక్కయ్య చెబితే గానీ మేమెవరం ముట్టుకోం.

మా బావగారు పోయి ఏడాది తిరిగాక వచ్చిన సంక్రాంతికి మా మనవడికి భోగిపళ్ళు పోశాం. అరిసెలు అక్కయ్యే చేసింది. శనగలు నానబోసింది. రేగుపళ్ళలో పుచ్చులు ఏరి పారేసింది. సాయంత్రం దీపాలు పెట్టి పేరంటాళ్ళు రావడం మొదలవగానే వంటింట్లోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. వెళ్ళమని ఎవరూ అనలేదు. చిన్నప్పటి నుంచి చూస్తున్నదే కనక ఎవరూ అననక్కర్లేకపోయింది.

నేను వెళ్ళి, “మొదటి దోసిలి నువ్వే పొయ్యాలక్కయ్యా” అన్నాను. “వద్దమ్మా, పసివాడికి...” అంది. వాడు పుట్టిన దగ్గర్నుంచి కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నూనె రాసి లాల పోసింది ఆవిడే. అప్పుడు తగలని కీడు భోగిపళ్ళతో ఎలా తగులుతుంది? మా కోడలు కూడా వచ్చి, “మీరు పోస్తేగానీ వాణ్ణి పీట మీద కూర్చోబెట్టను” అంది. అక్కయ్య దోసిలి నింపుకుని వాడి తల చుట్టూ మూడుసార్లు తిప్పి పోసింది. దగ్గరి బంధువు ఒకావిడ తాంబూలం తీసుకోకుండా లేచి వెళ్ళిపోయారు. తక్కిన వాళ్ళు వరసగా వచ్చి పళ్ళు పోసి, హారతి పాట పాడి, అక్కయ్య చేతి అరిసెలు తిని వెళ్ళారు.

ఇలా చెయ్యాలనుకునే వాళ్ళకి నాకు తెలిసింది చెబుతాను. వంటల జాబితా కన్నా ముందు పిలుపుల జాబితా రాసుకోండి. భర్త పోయిన అక్కలు, పిన్నులు, అమ్మలు, ఎదురింటి మామ్మగారు, అందరి పేర్లూ అందులో చేర్చండి. వాట్సాప్‌లో అందరికీ కలిపి పంపే కబురు మీద వాళ్ళు రారు, అది తమకి కాదనుకుంటారు. ఇంటికి వెళ్ళి పిలవాలి. వాళ్ళ చేత పళ్ళు పోయించాలనుకుంటే ముందే అడగండి. పదిమంది ముందు నిలబెట్టి బలవంతం చెయ్యడం కూడా కష్టపెట్టడమే.

బొట్టు సంగతి చాలామంది అడుగుతారు. మేం పసుపు, కుంకుమ, గంధం, పూలు ఒక పళ్ళెంలో పెట్టి గుమ్మం పక్కన ఉంచుతున్నాం. ఎవరికి కావలసింది వాళ్ళే తీసుకుంటారు. అక్కయ్య గంధం రాసుకుంటుంది, పువ్వు పెట్టుకుంటుంది, కుంకుమ వద్దంటుంది. అది ఆవిడ ఇష్టం. తాంబూలం మాత్రం అందరికీ ఒకటే. ఆకు, వక్క, పండు, శనగలు, రవికల గుడ్డ, ఏ సంచిలోనూ తేడా ఉండకూడదు. పై వాటాలో ఉండే క్రైస్తవుల ఇంటినీ, మా ఇంట్లో పనిచేసే అమ్మాయినీ ఇలాగే పిలుస్తాం. ఇంకో మాట. మరీ పసివాళ్ళయితే చిల్లర, శనగలు తగ్గించి పూరేకులు ఎక్కువ కలపండి, నోట్లో పెట్టుకుంటారు.

ఇది మన ఆచారం కాదనే వాళ్ళకి మా ఊరి సంగతే గుర్తుచేస్తాను. కందుకూరి వీరేశలింగం గారు 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం జరిపించింది రాజమండ్రిలోనే. వంటకి మనుషులు రాకపోతే ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారు తానే వండి, గోదావరి నీళ్ళు మోసి పెళ్ళి జరిపించారని మా ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. మహారాష్ట్రలో కొల్హాపూర్ జిల్లా హేర్వాడ్ గ్రామసభ 2022 మేలో గాజులు పగలగొట్టడం, బొట్టు చెరపడం వంటివి మానాలని తీర్మానించింది. ఒక ఊరంతా కలిసి అంత పని చేసినప్పుడు, మన ఇంటికి ఎవరిని పిలవాలో మనం తేల్చుకోలేమా?

మీ పత్రిక చూసి పేరంటం ఏర్పాట్లు చేసుకునే కొత్త కోడళ్ళు మా వీధిలోనే ఎంతోమంది ఉన్నారు. పండగలోగా మళ్ళీ ఆ పేజీ వేసినప్పుడు పిలుపుల దగ్గర ‘ఇంట్లోనూ, ఇరుగుపొరుగులోనూ ఉన్న ఆడవాళ్ళందరినీ’ అని రాయండి. భర్త పోయిన అమ్మమ్మలు, నాయనమ్మలు మనవలకి భోగిపళ్ళు పోస్తున్న ఫొటోలు పంపమని పాఠకులను అడగండి. మా ఇంటి నుంచి పంపడానికి అక్కయ్య ఒప్పుకుంది.

ఇట్లు,
ఒక గృహిణి,
దానవాయిపేట, రాజమహేంద్రవరం.