నెమ్మదిగా గీస్తే వణికే గీత, గడువు తీరితే తాళం పడే సాఫ్ట్‌వేర్: మీ టాబ్లెట్ మీద ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగం అధిపతి గారికి,

విషయం: మీ డ్రాయింగ్ టాబ్లెట్‌లో ఉన్న లోపం, దానితోపాటు ఇచ్చిన సాఫ్ట్‌వేర్ విషయంలో చెప్పకుండా ఉంచిన షరతు, మీ సిబ్బంది ఇచ్చిన జవాబులు.

అయ్యా / అమ్మా,

ఉద్యోగం నుంచి వచ్చాక రాత్రిపూట బొమ్మలు వేసుకునే మనిషిని నేను. వాటిని అమ్మను, ఎవరి దగ్గరా పని ఒప్పుకోను. కాగితం మీద ఇంకు పెన్నుతో గీయడం ఎన్నో ఏళ్ల అలవాటు. ఆ గీతనే కంప్యూటర్ మీద కూడా పలికించాలన్న కోరికతో మీ కంపెనీ టాబ్లెట్ కొన్నాను. స్క్రీన్ లేని రకం, మధ్యస్థమైన సైజు, పెన్నుకు బ్యాటరీ అక్కర్లేనిది. కావాలనే ఆ రకం ఎంచుకున్నాను. స్క్రీన్ ఉన్నవాటిలో పైగాజుకూ లోపలి తెరకూ మధ్య ఎడం ఉంటే పెన్ను మొన ఒకచోట, గీత మరోచోట కనిపిస్తాయి. పైగా గంటల తరబడి మెడ వంచుకుని కూర్చోవాలి. చూపు మానిటర్ మీద, చెయ్యి బల్ల మీద ఉంచి గీయడం నాకు హాయిగా ఉంటుంది. చిన్న సైజు తీసుకుంటే మణికట్టు తిప్పినంత మేరకే గీత వస్తుంది. మోచెయ్యి కదిలించి పొడవాటి గీత లాగాలంటే మధ్యస్థం ఉండాలి.

మీ అమ్మకాల పేజీలో ఉన్న ప్రతి వాక్యం చదివాకే కొన్నాను. నా ఫిర్యాదంతా ఆ పేజీలో లేనివాటి గురించే.

మొదట గీత సంగతి. ఏటవాలు గీతను నెమ్మదిగా గీస్తే అది తిన్నగా రావడం లేదు. చిన్న చిన్న అలలుగా వస్తోంది. వేగంగా లాగితే అలలు కనిపించవు. అడ్డంగానో నిలువుగానో గీస్తే దాదాపు లేవు. ఏటవాలుగా, నిదానంగా గీసినప్పుడే వస్తాయి, అదీ ఒక అలకూ ఇంకో అలకూ మధ్య దూరం ఎప్పుడూ ఒకేలా ఉండేట్టుగా. చేతి వణుకు ఇలా కొలిచినట్టు రాదు. ఇలాంటి టాబ్లెట్ల లోపల సన్నని తీగల వల ఉంటుంది. అది పుట్టించే అయస్కాంత క్షేత్రం నుంచే పెన్ను శక్తి తీసుకుని తిరిగి సంకేతం పంపుతుంది. పెన్ను రెండు తీగల మధ్య ఉన్నప్పుడు అది సరిగ్గా ఎక్కడుందో టాబ్లెట్ లెక్కగట్టి చెప్పాలి. ఆ లెక్కలో తేడా ఉంటే, ఏటవాలు గీత ఒక్కో తీగను దాటే కొద్దీ ఒక్కో అల లేస్తుంది. నాకు కనిపిస్తున్నది అచ్చంగా అదే.

నేను చేసిన పరీక్షలు కూడా చెబుతున్నాను, ఎందుకంటే మీ వాళ్లు వాటిని అడగకుండానే తీర్పు చెప్పేశారు. టాబ్లెట్ మీద ప్లాస్టిక్ స్కేలు పెట్టి, దాని అంచు వెంటే పెన్ను నడిపించాను. ఇనుప స్కేలు వాడలేదు. లోహం దగ్గరగా ఉంటే ఆ క్షేత్రమే చెదురుతుంది కాబట్టి పరీక్షకు అర్థం ఉండదు. ఛార్జర్ నుంచి వచ్చే విద్యుత్ అలజడి కారణమేమోనని ల్యాప్‌టాప్‌ను బ్యాటరీ మీదే నడిపాను. వేరే యూఎస్‌బీ పోర్టు, వేరే కేబుల్, వేరే కంప్యూటర్ కూడా చూశాను. టాబ్లెట్‌ను కంప్యూటర్‌తో కలిపే మీ ప్రోగ్రాం, అంటే డ్రైవర్, పూర్తిగా తీసేసి కొత్తగా వేశాను. క్రితా అనే బొమ్మలు వేసే ప్రోగ్రాంలో, గీతను నునుపు చేసే బ్రష్ స్మూతింగ్ అసలు లేకుండా పెట్టి గీశాను, దాని సెట్టింగుల్లోనే ఉన్న టాబ్లెట్ టెస్టర్‌లో కూడా చూశాను. ఎక్కడ గీసినా అవే అలలు, అదే ఎడం. మా చెల్లెలి దగ్గర మరో తయారీ పాత టాబ్లెట్ ఉంది. దాని ఒత్తిడి స్థాయిలు, అంటే పెన్నును ఎంత నొక్కామో అది గుర్తించే మెట్లు, 2,048 మాత్రమే. అదే స్కేలు, అదే కంప్యూటర్, అదే చెయ్యి. గీత తిన్నగా వచ్చింది. వీటన్నిటి స్క్రీన్‌షాట్లు, వీడియో ఈ లేఖతో జతచేస్తున్నాను.

దీనికి మీ సహాయక విభాగం మొదటి జవాబు: "స్టెబిలైజర్ పెంచుకోండి." రెండో జవాబు: "కొత్తవాళ్లకు చెయ్యి కుదురుకోవడానికి సమయం పడుతుంది."

రెండోదాని గురించి ఎక్కువ చెప్పను. స్కేలు అంచున గీసిన గీతకు చేతి కుదురుతో పని లేదని వీడియో చూసిన ఎవరికైనా తెలుస్తుంది. మీ వాళ్లు చూడలేదు.

మొదటి జవాబు మీద మాత్రం వివరంగా రాయాలి. స్టెబిలైజర్ పెన్ను చెప్పిన చోట్ల సగటు తీసి గీతను నునుపు చేస్తుంది. దాన్ని పెంచే కొద్దీ గీత చేతికి వెనకబడుతుంది. చిన్న మలుపులు అరిగిపోతాయి. ముఖంలో పెదవి అంచు, వేలి కణుపు, ఆకు కొస, వీటిలో ప్రాణమంతా ఆ చిన్న మలుపుల్లోనే ఉంటుంది. కళాకారులు దాన్ని తమ ఇష్టంతో, అవసరమైనచోట వాడుకోవడానికి పెట్టిన సదుపాయం అది. సెన్సర్ చేసే తప్పును కప్పెట్టడానికి వాడమంటే గోడ పగులు మీద సున్నం పూయమన్నట్టే. లోపం అలాగే ఉంటుంది, నా గీత మాత్రం పోతుంది.

ఇక ఒత్తిడి. మీ పెట్టె మీద అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో ఉన్నది 16,384 అన్న అంకె. ఒకప్పుడు 1,024, తర్వాత 2,048, ఆపైన 8,192, ఇప్పుడు 16,384. అంకె పెంచుకుంటూ పోవడం తయారీదార్లకు సులువైన ప్రచారం. బొమ్మ వేసేవాళ్లకు దానితో ఒరిగేది తక్కువ. మామూలుగా మనం వేసే బొమ్మల్లో ఒక్కో రంగు చానల్‌కు 8 బిట్లు ఉంటాయి, అంటే 256 మెట్లు. 30 పిక్సెళ్ల వెడల్పున్న బ్రష్ సన్నం నుంచి లావుకు మారడానికి వేల మెట్లతో పనే లేదు. అసలు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: ఎంత తేలికగా తాకితే గీత మొదలవుతుంది? దాన్ని గ్రాముల్లో చెబుతారు. 3 గ్రాములని ముద్రించే తయారీదార్లు ఉన్నారు. మీ పేజీలో, పెట్టె మీద, లోపలి పుస్తకంలో ఎక్కడా ఆ లెక్క లేదు.

అది ఎందుకు లేదో పెన్ను పట్టుకోగానే అర్థమైంది. తేలికగా ఆనిస్తే ఏమీ పడదు. కాస్త నొక్కాక, ఒక్కసారిగా లావుగా మొదలవుతుంది. కనురెప్ప వెంట్రుక మొదలు సన్నగా పుట్టాలి, చివర గాలిలో కలిసిపోయినట్టు తేలిపోవాలి. మీ పెన్నుతో అది రెండు వైపులా కత్తిరించినట్టు వస్తోంది. ప్రెషర్ కర్వ్ మార్చుకోమన్నారు. కర్వ్ అనేది సెన్సర్ పట్టుకున్న ఒత్తిడిని ఎలా వాడుకోవాలో చెబుతుంది. సెన్సర్ పట్టుకోలేకపోయిన తేలిక స్పర్శను అది ఎక్కడి నుంచి తెస్తుంది? డ్రైవర్‌లోనూ, క్రితాలోనూ కర్వ్ మార్చి చూశాకే ఈ మాట రాస్తున్నాను.

డ్రైవర్ గురించి క్లుప్తంగా. పెన్ను కోసం విండోస్‌లోనే ఉన్న ఏర్పాటు విండోస్ ఇంక్. అది ఆన్‌లో ఉంటే కొన్ని ప్రోగ్రాముల్లో గీత మొదలవడం ఆలస్యమవుతుంది, ఆఫ్‌లో ఉంటే మరికొన్నిటిలో ఒత్తిడి పనిచేయదు. ప్రోగ్రాం మారినప్పుడల్లా డ్రైవర్ తెరిచి టిక్కు మార్చాల్సి వస్తోంది. ప్రోగ్రాంకు ఒక సెట్టింగు గుర్తుపెట్టుకునే వీలు ఇవ్వండి. అలాగే టాబ్లెట్ నిష్పత్తీ మానిటర్ నిష్పత్తీ వేరైనప్పుడు గుండ్రని గీత కోలగా వస్తుంది. నిష్పత్తి కాపాడే టిక్కు మీ డ్రైవర్‌లో ఉంది, కానీ మొదట్లో అది ఆఫ్‌లో ఉంటుంది. కొత్తగా మొదలుపెట్టిన పిల్లలు తమకు సున్నా చుట్టడమే రాదనుకుంటారు. దాన్ని మొదటి నుంచే ఆన్‌లో పెట్టండి.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టింది సాఫ్ట్‌వేర్. "వృత్తి కళాకారులు వాడే చిత్రలేఖన సాఫ్ట్‌వేర్ ఉచితం" అని పెట్టె మీద ముద్రించారు. టాబ్లెట్ ఎంచుకోవడానికి అదీ ఒక కారణం. గడువు అన్న మాట పెట్టె మీద లేదు, మీ అమ్మకాల పేజీలో లేదు. రిజిస్టర్ చేసుకున్న తర్వాత ఆ సాఫ్ట్‌వేర్ వాళ్ల సైటులో, నిబంధనల పేజీ అడుగున ఉంది. గడువు తీరాక ప్రోగ్రాం తెరుచుకుంటుంది, బొమ్మ కనిపిస్తుంది, సేవ్ చేయనివ్వదు. నా బొమ్మలన్నీ దాని సొంత ఫార్మాట్‌లో ఉన్నాయి. పీఎన్‌జీగా బయటికి తీసుకోవచ్చని మీ వాళ్లు రాశారు. పీఎన్‌జీలో లేయర్లన్నీ కలిసి ఒకే పొరగా అతుక్కుపోతాయి. స్కెచ్ ఒక లేయర్, ఇంకు ఒక లేయర్, రంగులు, నీడలు, వెలుగు వేరువేరుగా పెట్టుకుని నెలల తరబడి నడుస్తున్న బొమ్మకు అది పనికిరాదు. లేయర్లను విడివిడిగా ఉంచే పీఎస్‌డీ ఫార్మాట్‌లో ఇచ్చే వీలు గడువుతోపాటే మూసేశారు.

అద్దె సాఫ్ట్‌వేర్ తప్పని నేను అనడం లేదు. అడోబీ 2013లో క్రియేటివ్ క్లౌడ్‌తో చందా పద్ధతికి మారింది, అది అందరికీ తెలిసిందే. కట్టదలచినవాళ్లు తెలిసే కడతారు. ఐప్యాడ్‌లో ప్రోక్రియేట్ ఒకసారి కొంటే చాలు. క్రితా పూర్తిగా ఉచితం, ఓపెన్ సోర్సు, విండోస్‌లో, మ్యాక్‌లో, లినక్స్‌లో నడుస్తుంది, పీఎస్‌డీ కూడా తెరుస్తుంది. ఇప్పుడు నేను దానిలోనే వేస్తున్నాను. ఎవరికి ఏది కుదురుతుందో వాళ్లు ఎంచుకుంటారు. అయితే ఎంచుకోవాలంటే విషయం ముందు తెలియాలి. గడువు ఉన్నదాన్ని ఉచితమని ముద్రించి, ఆ గడువు లోపల వేసిన బొమ్మలను తాళం వెనక పెట్టడం న్యాయం కాదు. "ఆ సాఫ్ట్‌వేర్ మాది కాదు, వాళ్లనే అడగండి" అన్న మీ జవాబు నేను ఒప్పుకోను. అది మీ పెట్టెలో, మీ పేరు కింద, మీరు తీసుకున్న డబ్బుకు వచ్చింది.

మీ సిబ్బంది చివరి ఉత్తరంలో ఒక వాక్యం ఉంది: "సరదాగా వేసుకునేవారికి ఈ మోడల్ సరిపోతుంది." దానికి జవాబు చెప్పి తీరాలి. స్టూడియోలో పనిచేసేవారికి ఒక టాబ్లెట్ చెడితే ఇంకోటి ఇస్తారు, డ్రైవర్ మొరాయిస్తే చూసే మనిషి ఉంటాడు. నాలాంటివాళ్లం ఇంటి ఖర్చుల్లోంచి మిగిల్చి ఒక్కటి కొంటాం, దానితోనే ఏళ్లు గడుపుతాం. రోజులో మాకు దొరికేదే కొంచెం సమయం, దాన్ని మీ పరికరంతో పోట్లాడటానికి ఖర్చుపెట్టలేం. కొత్తవాళ్ల పరిస్థితి ఇంకా కష్టం. గీత వణికితే తప్పు తమదేననుకుని బొమ్మలు మానేస్తారు. నాకు కాగితం మీద గీసిన అనుభవం ఉంది కాబట్టి లోపం నా చేతిలో లేదని తెలిసింది. నేర్చుకునే పదమూడేళ్ల పిల్లకు ఎవరు చెబుతారు?

అందుకని నేను అడిగేవి ఇవి. నా టాబ్లెట్ వెనక్కి తీసుకుని పూర్తి డబ్బు ఇవ్వండి. ఇదే మోడల్ మరొకటి పంపుతామంటే, అది బయలుదేరే ముందు మీ దగ్గరే స్కేలుతో, స్టెబిలైజర్ లేకుండా నెమ్మదిగా ఏటవాలు గీతలు గీసి, ఆ చిత్రం నాకు పంపండి. అది తిన్నగా ఉంటేనే తీసుకుంటాను. సాఫ్ట్‌వేర్ వాళ్లతో మీరే మాట్లాడి, నా ఫైళ్లను లేయర్లతో సహా పీఎస్‌డీగా తీసుకునే వీలు కల్పించండి. డబ్బు వెనక్కి ఇచ్చినా సరే, ఇది మాత్రం వదులుకోను. ఆ బొమ్మలు నావి.

మీ అమ్మకాల పేజీ కూడా సరిదిద్దండి. గీత మొదలవడానికి ఎన్ని గ్రాములు కావాలో రాయండి. నెమ్మదిగా గీసిన గీతల నమూనా పెట్టండి. సాఫ్ట్‌వేర్ గడువు ఎంతో, గడువు తీరాక ఏం ఆగిపోతుందో ఉచితం అన్న మాట పక్కనే, అదే సైజు అక్షరాల్లో ముద్రించండి. ఈ మోడల్‌కు డ్రైవర్లు ఎంతకాలం ఇస్తారో, విడి నిబ్బులు ఎంతకాలం దొరుకుతాయో చెప్పండి. పైపూత గరుకుగా ఉంది, నిబ్బులు త్వరగా అరుగుతున్నాయి, కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

ఈ లేఖ అందిన 15 రోజుల్లోగా రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. తయారుగా ఉంచుకున్న వాక్యాలతో కాకుండా, జతచేసిన వీడియో చూసిన మనిషి రాసిన జవాబు కావాలి. లేకపోతే ఇవే పత్రాలతో వినియోగదారుల హక్కులు చూసే అధికారుల దగ్గరికి వెళతాను. టాబ్లెట్, పెన్ను, మిగిలిన నిబ్బులు, కేబుల్ అన్నీ పెట్టెలో సర్ది ఉంచాను. వెనక్కి పంపే ఖర్చు మీరే భరించాలి, ఏ చిరునామాకు పంపాలో తెలియజేయండి.

ఇట్లు,
మీ టాబ్లెట్ కొన్న ఒక చిత్రకారిణి

జతపరచినవి: కొనుగోలు రసీదు, స్కేలు పరీక్ష వీడియో, రెండు టాబ్లెట్ల గీతల స్క్రీన్‌షాట్లు, పెట్టె మీది ముద్రణ ఫొటో, మీ సిబ్బందితో నడిచిన ఉత్తరాలు.