చీఫ్ గారు సీలు కోశారు

విశాఖపట్నం,
ఆదివారం సాయంత్రం.

ప్రియమైన శ్రీనూ,

నీ ఉత్తరానికి ఇంత ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు మన్నించు. అమ్మ ఆరోగ్యం ఫరవాలేదు, చిన్నవాడు ఆరో తరగతిలోకి వచ్చాడు, మా వీధిని మళ్ళీ తవ్వారు. ఆ వివరాలన్నీ మరోసారి రాస్తాను. నిన్న లాసన్స్ బే కాలనీలో చీఫ్ గారింట్లో జరిగినది నీకు చెప్పకుండా ఈ రాత్రి షిఫ్టుకు వెళ్ళడం నా వల్ల కాదు.

చీఫ్ గారిని నువ్వు మరిచిపోయి ఉండవు. ఓడలో చీఫ్ ఇంజినీరుగా పనిచేస్తూ, జపాను రేవు తగిలినప్పుడల్లా ఏదో ఒక వీడియో గేమ్ వెంట తెచ్చేవారు. జగదాంబ దగ్గర మనం కొన్న ‘9999 ఆటల’ క్యాసెట్టులో అవే పదీ పన్నెండు ఆటలు పేర్లు మార్చుకొని తిరిగి వస్తున్నాయని నువ్వు దుకాణదారుతో వాదించిన రోజుల్లో, ఆయన మనల్ని తన బీరువా అద్దంలోనుంచి మాత్రమే చూడనిచ్చేవారు.

ఇప్పుడు ఆయనకు చూపు బాగా తగ్గింది. సెలవులకు వచ్చిన మనవరాలికి పాత పెట్టెలు చూపించాలని, కరెంటు పని తెలిసినవాణ్ణి కదా అని నన్ను పిలిపించారు. జపానులో ఇళ్ళకు వచ్చే విద్యుత్తు 100 వోల్టులు, మనది 230. 100 వోల్టులకే చేసిన యంత్రాన్ని నేరుగా మన ప్లగ్గులో పెడితే దాని ఆయుష్షు అక్కడితో సరి. అందుకని ఆయన దగ్గరున్న బరువైన ట్రాన్స్‌ఫార్మర్‌ను మీటరు పెట్టి పరీక్షించి, తీగలు మార్చి, ముందుగా 2000 నాటి నింటెండో 64 ఆటల యంత్రాన్ని కలిపాను, పోకెమాన్ కార్టూన్‌లోని పికాచు బొమ్మ ఉన్న ప్రత్యేక సంచిక. హుద్‌హుద్‌లో ఆ ఇంటి కిటికీ అద్దాలన్నీ ఎగిరిపోయినా ఇది అటక మీద చెక్కుచెదరకుండా ఉందట.

ప్రత్యేక సంచికలు చాలావాటికి పైతొడుగు రంగు మారుతుందే తప్ప లోపలి బోర్డు మామూలుదే ఉంటుందని, అది వట్టి సున్నపు పూత వ్యాపారమని నేను ఎప్పుడూ అనేవాణ్ణి కదా. దీనికి మాత్రం లోపలి బోర్డు కూడా వేరే. పైగా నీలం పెట్టె మీద పికాచు బొమ్మ ఉబ్బెత్తుగా నిలబడి ఉంటుంది, పక్కనున్న పోకె బంతి దానికి పవర్ స్విచ్చి, స్విచ్చి వేయగానే బొమ్మ బుగ్గలు వెలుగుతాయి, పాదం నొక్కితే రీసెట్ అవుతుంది. ఆ పాదం సంగతి చీఫ్ గారు మనవరాలికి చెప్పలేదు. మారియో ఆటలో ఆ పిల్ల కష్టపడి ఎంతో దూరం వెళ్ళి, ఆనందం పట్టలేక పికాచు పాదాన్ని ముద్దుగా నొక్కింది. తరువాతి ఏడుపు లాసన్స్ బే కెరటాల చప్పుడును మించింది. తాతగారు మాత్రం ముఖం తిప్పుకొని నవ్వారు.

అసలు సంగతి ఇక్కడి నుంచి మొదలవుతుంది. పిల్లను సముదాయించడానికి ఆయన బీరువా పై అరలోని పెద్ద పెట్టెను దించమన్నారు. శ్రీనూ, అది సోనీ ఆటల యంత్రం ప్లేస్టేషన్ 4లో, మొదటి ప్లేస్టేషన్ ఇరవయ్యో వార్షికోత్సవానికి తెచ్చిన సంచిక! 2014 డిసెంబరులో ప్రకటించినప్పుడు మనం బొమ్మలు మాత్రమే చూసి నిట్టూర్చినది. జపానులోని పాత సహోద్యోగి ఒకాయన సంపాదించి పంపారట. ప్రపంచం మొత్తానికి 12,300 మాత్రమే చేశారు. మొదటి ప్లేస్టేషన్ జపానులో 1994 డిసెంబరు 3న విడుదలైంది కనుక 12, 3, పక్కన రెండు సున్నాలు. మనలాగా తేదీని ముందు రాసే అలవాటు వాళ్ళకు ఉండి ఉంటే 31,200 అయ్యేవి, మన దాకా ఒకటి వచ్చేదేమో. 2018లో యాభై కోట్ల యంత్రాల అమ్మకాల పేరుతో తెచ్చిన నీలపు పారదర్శక ప్లేస్టేషన్ 4 ప్రో యాభై వేలు కాబట్టి, అరుదుదనంలో దీని ముందు అది ఆగదు.

పెట్టె సీలు ఇంకా చెదరలేదు. సింగపూరులోని మేనల్లుడు దాన్ని అలాగే అమ్మిపెడతానని ఏళ్ళుగా అడుగుతున్నాడు. నేను పెట్టెను రెండు చేతులా పట్టుకొని నిలబడి ఉండగానే చీఫ్ గారు కూరగాయల కత్తి తెమ్మన్నారు. ‘‘చీఫ్ గారూ, ఒక్కసారి ఆలోచించండి’’ అన్నాను. ‘‘ఏమోయ్, సీలు వేసినంత మాత్రాన బ్యాటరీ ముసలిదవడం మానేస్తుందా?’’ అన్నారు. ఆ మాట నిజమే. రిమోటులోని లిథియం బ్యాటరీ వాడకపోయినా క్షీణిస్తుంది. లోపల గడియారాన్ని నడిపే బిళ్ళ బ్యాటరీ సంగతి ఇంకా చిక్కు. 2021లో 9.00 అనే సాఫ్ట్‌వేరు నవీకరణ వచ్చే వరకు, ఆ బిళ్ళ చచ్చిపోయి నెట్టు కూడా అందకపోతే డిస్కు పెట్టినా ఆట తెరుచుకునేది కాదు. 2014 నాటి పెట్టెలో ఉండేది ఆ పాత సాఫ్ట్‌వేరే. అయినా నేనైతే కోసేవాణ్ణి కాను, ఇప్పటికీ అదే అంటాను.

ఆయన కోశారు. లోపల మొదటి ప్లేస్టేషన్ నాటి బూడిదరంగు, పైన నాలుగు రంగుల చిహ్నం, ఒక వైపు ఉపరితలమంతా త్రిభుజాలూ వలయాలూ అచ్చొత్తిన గరుకుదనం. ముందు వైపు చిన్న పలక మీద వరుస సంఖ్య. ఆ అంకెలు నేను చదువుతుంటే ఆయన వేలితో తడుముతూ విన్నారు. చివరి మూడూ నీ ఇంటర్ హాల్ టికెట్టువే. అంటే ఆ లెక్కల పరీక్ష నాటి... సరే, ఇక్కడ రాయను, ఇంట్లో ఎవరైనా చదువుతారు.

దీన్ని కూడా ట్రాన్స్‌ఫార్మర్ మీదనే కలిపి నవీకరణ మొదలుపెట్టాం. అది నత్తనడకన సాగుతుండగా సరిగ్గా సింగపూరు నుంచి ఫోను వచ్చింది. ‘‘మామయ్యా, పెట్టె జాగ్రత్తగా ఉంది కదా?’’ అని అతను అడగడం నాకు కూడా వినిపించింది. చీఫ్ గారు నేల మీద పడి ఉన్న ఖాళీ అట్టపెట్టె వైపు తిరిగి, ‘‘పెట్టెకేం, దివ్యంగా ఉందిరా’’ అన్నారు. మనవరాలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ తరువాత అతను వీడియో కాల్ చేస్తాననేసరికి మేము ఆ అట్టపెట్టెను...

షిఫ్టు బస్సు వచ్చేసింది, డ్రైవరు హారన్ ఆపడం లేదు. మిగతాది

నీ
రమణ