సైనికుడి సెలవు ఆఫీసుల చుట్టూ తిరగడానికేనా?

సంపాదకులకు నమస్కారం.

హన్మకొండ జిల్లాలోని ఒక పల్లె నుంచి వెళ్లి సైన్యంలో హవల్దారుగా పదవీ విరమణ చేసినవాడిని. 1990ల మధ్యలో సియాచిన్‌లో, 18,000 అడుగులకు పైన ఉన్న ఒక పోస్టులో చలికాలం గడిపాను. 2003 నవంబరులో పాకిస్తాన్‌తో కాల్పుల విరమణ కుదిరేదాకా అక్కడ గుండ్ల మోత ఆగలేదు. అయినా శత్రువు తూటాల కంటే మంచే ఎక్కువమందిని పొట్టన పెట్టుకుంది. గుడారంలో వెచ్చదనానికి వెలిగించే కిరోసిన్ పొయ్యి, అంటే బుఖారీ, పొగకు ఉమ్మితే నల్లగా పడేది, కోడిగుడ్డు రాయిలా గడ్డకట్టేది, నిద్ర పట్టేది కాదు, అన్నం ముందు పెట్టుకున్నా తినబుద్ధయ్యేది కాదు. సంక్రాంతికి మా అమ్మ పంపిన సకినాల డబ్బా నెల దాటాక మాకు చేరింది. చిన్న గుడారంలో ఐదుగురం తలా ఒక ముక్క నోట్లో వేసుకుంటే, ఆ నువ్వుల రుచికి చాలా రోజుల తర్వాత నాకు ఆకలేసింది. ఆ రాత్రి ఇంటి ముచ్చట తప్ప మరో ముచ్చట లేదు.

మా నాన్న పోయిన కబురు వైర్‌లెస్‌లో అందిన రోజున మంచు తుపాను వల్ల హెలికాప్టర్ రాలేదు. నేను కాజీపేటలో దిగేసరికి పెద్దకర్మ కూడా అయిపోయింది. అమ్మ దగ్గర కూర్చుని ఆయన గురించి నాలుగు మాటలు మాట్లాడుకోవలసిన ఆ సెలవులో, నాన్న పేరున ఉన్న రెండెకరాలను వారసుల పేరుకు మార్పించుకునే విరాసత్ కోసం ఒక మండల కార్యాలయానికి పదకొండుసార్లు తిరిగాను. ఒకరోజు సారు లేరన్నారు, మరోరోజు ఇంకో సంతకం కావాలన్నారు. పని కాకుండానే తిరిగి రైలెక్కాను. ఆ బాధ ఇప్పటికీ నన్ను వదల్లేదు.

జవానుకు ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవు, 30 రోజుల క్యాజువల్ సెలవు ఉంటాయి. అవి కూడా సరిహద్దు పరిస్థితిని బట్టే దొరుకుతాయి. యుద్ధ పరిస్థితుల్లో పనిచేస్తూ కోర్టుకు రాలేని సైనికుడి కేసును వాయిదా వేయడానికి 1925లోనే చట్టం చేశారు. వందేళ్ల కిందటి పాలకులకు తోచిన ఈ ఆలోచన మన రెవెన్యూ కార్యాలయాలకు ఎందుకు తోచకూడదు? విధుల్లో ఉన్న సైనికుల ఇంటి భూమి కాగితాల కోసం ప్రతి మండలంలో నెలకు ఒక రోజు కేటాయించాలని, యూనిట్ ధ్రువీకరించి పంపిన సంతకాన్ని అంగీకరించాలని, దరఖాస్తు ఎక్కడ ఆగిందో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా ఆ జవానుకు తెలియజేయాలని కలెక్టర్లను వేడుకుంటున్నాను. ఇందుకు పెద్దగా ఖర్చు కూడా కాదు.

మా ఊరి పిల్లవాడొకడు ఇప్పుడు లడఖ్‌లో ఉన్నాడు, దసరాకు వస్తున్నాడు. నిన్న వాళ్లమ్మ పాసుపుస్తకం నకళ్లను ప్లాస్టిక్ సంచిలో సర్దుకుని మా ఇంటికి తెచ్చింది. “ఇవన్నీ సరిగ్గున్నయా సూడు బాపూ, పిలగాడు రాంగనే ఆఫీసుకు తీస్కపోత” అన్నది.

ఇట్లు,
ఒక మాజీ హవల్దారు,
హన్మకొండ జిల్లా