ఈ ఎండాకాలం మా పిల్లల్ని కాచుకున్నవాళ్ళకి

రేపు జూన్ 12, బడులు తెరుస్తున్నారు. ఇద్దరి యూనిఫాంలూ ఇస్త్రీ అయి కుర్చీ మీద ఉన్నాయి. పెద్దదాని పుస్తకాలకి అట్టలు వేయడం ఇప్పుడే పూర్తయింది. పిల్లలు నిద్రపోతున్నారు. నెలన్నర తరువాత రాత్రి పదకొండింటికి నేను తీరిగ్గా కూర్చోవడం ఇదే మొదటిసారి. ఈ నాలుగు మాటలు రాయకుండా పడుకుంటే నాకు నిద్ర పట్టదు.

మాది హైదరాబాద్‌లో ఉప్పల్ దగ్గర చిలుకానగర్‌లో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. మేముండేది నాలుగో అంతస్తు. పెద్దమ్మాయికి ఎనిమిదేళ్ళు నిండాయి, చిన్నదానికి నాలుగున్నర. మా ఆయన కంపెనీ పనిమీద ఏప్రిల్ మొదట్లో పుణె వెళ్ళారు, రెండు నెలలకని. నేను ఒక ప్రైవేటు సంస్థలో అకౌంట్స్ చూస్తాను. మా అమ్మ ఖమ్మంలో మా చెల్లి దగ్గర ఉంది, చెల్లికి ఇప్పుడు నెలలు నిండుతున్నాయి. అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు, కరీంనగర్ నుంచి కదల్లేరు. ఏప్రిల్ 24న సెలవులిచ్చినప్పుడు నేను అనుకున్నదేమిటంటే, పొద్దున ఇద్దర్నీ కాలనీలో సమ్మర్ క్యాంపుకి పంపాలి, మధ్యాహ్నం నుంచి పనమ్మాయి చూసుకుంటుంది, మే రెండో వారంలో ఖమ్మం వెళ్ళి చెల్లి సీమంతం చూసుకుని, అమ్మతో ఆవకాయ పెట్టించుకుని రావాలి. ఐదు రోజులు అలాగే జరిగింది.

ఏప్రిల్ 29న స్నానం చేయిస్తుంటే పెద్దదాని వీపు మీద ఎర్రగా నాలుగైదు పొక్కులు కనిపించాయి. ఈ ఊరి ఎండలకి పిల్లల వీపు మీద చెమటకాయలు మామూలే కదా అని పౌడర్ రాశాను. మర్నాడు ఒళ్ళు వెచ్చగా ఉంటే వడదెబ్బ తగిలిందేమో అని మజ్జిగ పట్టించాను. నాలుగో రోజుకి ఆ పొక్కుల్లో నీరు చేరింది. అప్పుడు పిల్లల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తే ఆవిడ చూడగానే చెప్పారు, చికెన్‌పాక్స్ అని.

తరువాత ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "చిన్నదానికి టీకా పడిందా?"

పడలేదు. ఈ టీకా ప్రభుత్వం ఉచితంగా వేసే వాటిల్లో లేదు, మనమే గుర్తుపెట్టుకుని డబ్బు కట్టి వేయించుకోవాలి. పెద్దదానికి ఒక డోసు పడింది, రెండోది వేయించలేదు. చిన్నదానికి పదిహేనో నెలలో వేయించాల్సింది. అప్పుడు జ్వరంగా ఉందని వాయిదా వేశాం, ఆ తరువాత మరిచిపోయాం. అక్కకి వచ్చిన రెండు మూడు రోజుల్లోనే తీసుకొచ్చి ఉంటే చిన్నదానికి టీకా వేసి చూసేదాన్నని డాక్టరమ్మ అన్నారు. దద్దుర్లు కనిపించడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే ఇది అంటుకుంటుందట. నేను నాలుగు రోజులు పౌడర్ రాస్తూ కూర్చున్నాను. చిన్నపిల్లలున్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, దయచేసి ఇవాళే టీకాల కార్డు తీసి చూడండి.

చిన్నదానికి పది నుంచి ఇరవై ఒక్క రోజుల్లో ఎప్పుడైనా రావచ్చు, ఇంట్లో రెండో బిడ్డకి వచ్చినప్పుడు ఎక్కువగా వస్తుంది, కనిపించిన రోజే తీసుకురండి అని చెప్పి పంపారు. మా ఆయనకి చిన్నప్పుడు రాలేదని అత్తయ్య ఫోన్లో చెప్పారు. పెద్దవాళ్ళకి వస్తే ఊపిరితిత్తుల దాకా పోయే ప్రమాదం ఉంది కాబట్టి ఆయన్ని రావద్దన్నారు డాక్టరమ్మ. అమ్మని రమ్మనలేను, ఇక్కడి నుంచి కడుపుతో ఉన్న చెల్లి దగ్గరికి తిరిగి వెళ్ళాలి. పనమ్మాయికి కూడా ఎప్పుడూ రాలేదు, ఇంట్లో పసిబిడ్డ ఉంది, నేనే వద్దన్నాను.

ఆ రాత్రి మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో రాశాను. పెద్దమ్మాయికి చికెన్‌పాక్స్, పిల్లల్నెవరినీ మా ఇంటికి పంపకండి, లిఫ్టులో మేముంటే ఎక్కకండి అని. రాసి ఫోన్ పక్కన పెట్టేసరికి ఏడుపొచ్చింది. ఇక ఈ ఇరవై రోజులూ మా తలుపు ఎవరూ తట్టరు అనుకున్నాను.

పది నిమిషాలకి కాలింగ్ బెల్ మోగింది. ఐదో అంతస్తు ఆంటీ. వాళ్ళది వరంగల్ దగ్గర పల్లెటూరు. నేను తలుపు సగమే తీసి, "లోపలికి రాకండి ఆంటీ" అన్నాను. ఆవిడ కనుబొమ్మ పక్కన చిన్న గుంట చూపించారు. "నాకు ఏడేండ్లప్పుడే అమ్మోరు పోసింది బిడ్డా. ఒక్కసారి వచ్చినోళ్ళకు మళ్ళ రాదు గద. నువ్వు ఆఫీసు పని జేస్కో, పిల్లకాడ నేను గూసుంట" అంటూ చెప్పులు విడిచి లోపలికి వచ్చేశారు.

మర్నాడు పొద్దున చూస్తే గ్రూపులో వరసగా మెసేజ్‌లు. "నాకు చిన్నప్పుడు వచ్చింది", "మా అత్తయ్యకి వచ్చింది, ఆవిడ సాయంత్రం వస్తారు". ఎవరూ ప్లాన్ వేసుకోలేదు కానీ పద్ధతి దానంతటదే కుదిరింది. ఒకసారి వచ్చినవాళ్ళు లోపలికి, రానివాళ్ళు గుమ్మం దాకా. మా గుమ్మం బయట నీలం ప్లాస్టిక్ స్టూలు ఒకటి వేశాను. ఆ స్టూలు మీదికి ఈ నెలలో ఏమేం వచ్చాయో తలుచుకుంటే గొంతు పట్టేస్తుంది. పాల ప్యాకెట్లు, పప్పన్నం, వేపాకు, పిల్లల పత్రికల పాత సంచికలు, తాటిముంజలు. ముంజలు మా స్కూలు ఆటో అన్న తెచ్చేవారు. సెలవుల్లో మాకు ఆయనతో పనే లేదు. అయినా వారానికి రెండుసార్లు వచ్చి స్టూలు మీద పెట్టి, కింద నుంచి ఫోన్ చేసి, "చల్లగుంటయి, పాపలకు పెట్టమ్మా" అని వెళ్ళిపోయేవారు. డబ్బులిస్తానంటే వినలేదు.

పెద్దది వారంలో తేరుకుంది. మే 14న చిన్నదానికి మొదలైంది. డాక్టరమ్మ చెప్పినట్టే ఆ రోజే తీసుకెళ్ళాను, వైరస్ మందు సిరప్ అదే రోజు మొదలుపెట్టారు. జ్వరానికి పారాసిటమాల్ తప్ప వేరే ఏ మాత్రా సొంతంగా వేయకూడదన్నారు. అయినా గట్టిగానే వచ్చింది. మూడో రోజుకి తలలో, చెవుల వెనక, నోట్లో కూడా. మంచినీళ్ళు మింగాలన్నా ఏడ్చేది.

ఆ రోజుల్లో ఆంటీ చేసిన పనులు నేను ఎప్పటికీ మరిచిపోను. మొదట గోళ్ళు. పిల్ల నిద్రలో ఉండగా పది వేళ్ళ గోళ్ళూ మొదలంటా కత్తిరించి, అగ్గిపెట్టె గరుకు అంచుకి ఒక్కో వేలూ రాసి నున్నగా చేశారు. గోరు అంచు తన చెంపకి ఆనించుకుని గీసుకుంటుందేమో చూసుకుని, తరువాతి వేలు పట్టుకునేవారు. రాత్రిళ్ళు చేతులకి కాటన్ సాక్స్ తొడిగేవారు. దురద పుట్టి పిల్ల గింజుకుంటే లేత వేపరెమ్మతో పైపైన నిమిరేవారు.

నోరు పూసి ఏమీ తాగని రోజు చిన్నది ఆంటీని అడిగింది, "అమ్మోరికి ఇల్లు లేదా? మా ఇంట్లోనే ఎందుకుంది?"

"ఎండకు తాళలేక వచ్చింది తల్లీ. జర సల్లగయినంక పోతది. ఆమెకు గింత మజ్జిగ పొయ్యి, నువ్వు గింత తాగు."

అప్పటి నుంచి అమ్మోరి కోసం చిన్న గ్లాసు ఒకటి, తన కోసం ఒకటి. ఆమె తాగాలంటే ముందు నువ్వు తాగాలని ఆంటీ నియమం పెట్టారు. పలచటి రాగిజావ, మజ్జిగ, కొబ్బరినీళ్ళు అలాగే కడుపులోకి వెళ్ళాయి. సెలైన్ పెట్టించాల్సిన అవసరం రాలేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. అమ్మవారు పోసినప్పుడు నీళ్ళు పోయకూడదని ఆంటీ చిన్నప్పటి నుంచి విన్న మాట. రోజూ గోరువెచ్చటి నీళ్ళతో శుభ్రంగా ఒళ్ళు కడగాలని డాక్టరమ్మ మాట. నేను భయపడుతూనే ఆ సంగతి చెప్పాను. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, "డాక్టరమ్మ చెప్పినట్లే చేద్దాం. ఆకు మాత్రం ఏద్దాం" అని, వేపాకు వేసి కాచిన నీళ్ళు తనే పోశారు. డెబ్బై ఏళ్ళకి దగ్గరగా ఉన్న మనిషి ఒక పసిదాని కోసం తన నమ్మకాన్ని అంత తేలిగ్గా పక్కకి జరిపారు. నా మనసులో ఆవిడ స్థానం ఆ రోజు ఇంకా పెరిగింది.

రోజూ దుప్పట్లు, బట్టలు ఉతకాలి. నల్లా నీళ్ళు రోజు విడిచి రోజు, మే నెలలో అవీ సన్నగానే. మా వాచ్‌మన్ అన్న, వదిన పాలమూరు వాళ్ళు. కరెంటు పోయి మోటారు ఆడని రోజు వదిన సంపు నుంచి బకెట్లతో నాలుగంతస్తులు మోశారు. నేను కిందికి దిగబోతే, "నువ్వు పిల్లను ఇడిసి రాకు" అని కేకేశారు.

పెద్దదాని సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. చెల్లికి తన వల్లే వచ్చిందని లోపల కుమిలిపోతోంది. నాకు చెప్పలేదు, గ్రౌండ్ ఫ్లోర్ సార్‌కి చెప్పింది. రిటైరైన లెక్కల మాస్టారు ఆయన. పక్కులన్నీ రాలిపోయాక దాన్ని సాయంత్రాలు పిలిచి గవ్వలతో అష్టాచెమ్మా నేర్పిస్తున్నారు. ఏం మాట్లాడారో నాకు తెలియదు కానీ, దాని చేతికి ఒక నోటుబుక్కు ఇచ్చి, "చెల్లికి రోజూ కొత్తవి ఎన్ని వచ్చాయో, ఎన్ని పక్కు కట్టాయో, ఎన్ని గ్లాసులు తాగిందో రాయాలి, డాక్టరమ్మకి చూపించాలి" అన్నారట. స్కేలుతో గీతలు కొట్టి గళ్ళు గీసుకుంది. చెల్లి పక్కన కూర్చుని లెక్కపెడుతూ కబుర్లు చెప్పేది. డాక్టరమ్మ నిజంగానే ఆ పుస్తకం ముందు పెట్టుకుని చూశారు. 19వ తేదీ గడిలో "కొత్తవి: 0" అని ఉంది. 23న "ఇంకా కట్టనివి: 0". ఆ సున్నా చుట్టూ ఎర్ర స్కెచ్‌తో పువ్వు వేసింది. సార్, మీరు ఆ రోజు మా పెద్దదానికి కూడా మందు వేశారు.

ఆఫీసులో మా తోటి ఉద్యోగిని గురించి చెప్పకపోతే తప్పవుతుంది. జనవరి-మార్చి టీడీఎస్ (జీతాలు, చెల్లింపుల్లోంచి ముందే కోసి కట్టే పన్ను) రిటర్నులకి గడువు మే 31. దాటితే రోజుకి 200 రూపాయల లేటు ఫీజు. నా చేతిలో ఉన్న ఫైళ్ళు సగానికి పైగా తను తీసుకుంది. అమీర్‌పేట నుంచి మెట్రోలో వచ్చి ల్యాప్‌టాప్ స్టూలు మీద పెట్టి వెళ్ళింది. రాత్రి పిల్లలు పడుకున్నాక ఫోన్‌లో ఇద్దరం పాన్ నంబర్లు, చలానాలు సరిచూసుకునేవాళ్ళం. 30వ తేదీకే రిటర్నులు వెళ్ళిపోయాయి. ఇంటి నుంచి పని చేసుకోనిచ్చిన మా మేనేజర్ గారికీ నమస్కారాలు.

ఆవకాయ కూడా ఈ ఏడు తప్పలేదు. అమ్మవారున్న ఇంట్లో పోపు వేయరని అంటారు, అసలు నాకు తీరికే లేదు. మూడో అంతస్తు వదినది గుంటూరు. కాయలు తెప్పించి, ముక్క కొట్టించి, జీడి తీసి, ఒక్కో ముక్కా గుడ్డతో తుడిచి, పచ్చి నువ్వులనూనెతో వాళ్ళింట్లోనే మా వాటా కలిపారు. మూడో రోజు తిరగకలిపి మరీ పంపారు. అది తెలిసి ఐదో అంతస్తు ఆంటీ, నూనె కాచి అల్లం వెల్లుల్లి వేసి పెట్టే తమవైపు ఆవకాయ ఇంకో జాడీ ఇచ్చారు. ఇప్పుడు మా వంటింట్లో రెండు జాడీలు పక్కపక్కన ఉన్నాయి. పెద్దది గుంటూరుది తింటుంది. చిన్నదానికి కారం పెట్టం, ఆంటీ జాడీలో ముక్క కడిగి ఇస్తే చప్పరిస్తుంది.

జూన్ 1న మా ఆయన వచ్చారు. మొన్న ఆదివారం పిల్లలిద్దర్నీ, లెక్కల సార్‌నీ తీసుకుని సాలార్‌జంగ్ మ్యూజియం వెళ్ళాం. ఉప్పల్‌లో మెట్రో ఎక్కి, పరేడ్ గ్రౌండ్స్‌లో మారి, ఎంజీబీఎస్‌లో దిగి, అక్కణ్ణుంచి ఆటో. మ్యూజికల్ క్లాక్ ముందు జనంలో కూర్చున్నాం. పన్నెండు కొట్టేటప్పుడు లోపలి నుంచి గడ్డం బొమ్మ వచ్చి గంట కొడుతుంటే చిన్నది సార్ ఒళ్ళో నిలబడి వేళ్ళమీద లెక్కపెట్టింది. దాని నుదుటిమీద ఒక్క మచ్చ మిగిలింది, సరిగ్గా కనుబొమ్మ పక్కన. "నాకూ ఆంటీ లాంటిది వచ్చింది" అని అందరికీ చూపిస్తోంది.

ఇందాక వంటిల్లు సర్దుతుంటే మావి కాని గిన్నెలు, డబ్బాలు పదకొండు తేలాయి. మూతల మీద పేర్లున్నవి కొన్ని, లేనివి ఆకారం చూసి గుర్తుపట్టాను. మూడు అరల టిఫిన్ క్యారియర్ మూడో అంతస్తు వదినది. సొట్టపడిన ఇత్తడి గిన్నె వాచ్‌మన్ వదినది. రాగిజావ తెచ్చిన స్టీలు డబ్బా ఆంటీది. రవ్వలడ్లు చుట్టాను, వేటినీ ఖాళీగా పంపడం లేదు. ఆంటీ, రేపు బడి నుంచి రాగానే మీ డబ్బా చిన్నదే తెస్తుంది. మీ కాలింగ్ బెల్ దానికి అందదు, తలుపు కాస్త తీసి ఉంచండి.